నిలబడటం నేర్చుకుంటున్నాం: అల్లిపురం ఇంట్లో పది మీటర్ల రేంజి

జూన్ చివర – స్థలం, కొలతలు

గుమ్మాలన్నీ ఒకే వరుసలో ఉన్న పాత ఇల్లు దొరికితే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజి సగం కట్టినట్లే. విశాఖపట్నం అల్లిపురంలోని మా తాతగారి ఇంట్లో వీధి గదిలో నిలబడితే నడిమి గది, వంటగది దాటి పెరటి తలుపు సూటిగా కనిపిస్తుంది. టేపు పెట్టి కొలిస్తే పన్నెండు మీటర్ల పైచిలుకు వచ్చింది. పోటీ నియమాల ప్రకారం షూటర్ నిలబడే గీత నుంచి టార్గెట్ ముఖం వరకు 10 మీటర్లు ఉండాలి. అటూ ఇటూ 5 సెంటీమీటర్లకు మించి తేడా రాకూడదు. టార్గెట్ మధ్యబిందువు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి. అక్కడా 5 సెంటీమీటర్ల వెసులుబాటే.

ఈ పని మా అన్నయ్య కూతురి కోసం మొదలైంది. కాలేజీలో ఎన్‌సీసీ అమ్మాయి. పాయింట్ టూ టూ (.22 అంగుళాల తూటా) రైఫిల్‌ను పడుకుని కాల్చడం అలవాటు చేసుకుంది, బాగానే కాలుస్తుంది. ఇప్పుడు నిలబడి కాల్చే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. క్లబ్బులో మాస్టారు నేర్పుతున్నారు గానీ అక్కడ దొరికే సమయం తక్కువ. నిలబడే భంగిమ మాత్రం రోజూ సాధన చేస్తేనే ఒంటికి పడుతుంది. 2008లో బీజింగ్‌లో ఇదే విభాగంలో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రాకు సొంత ఇంట్లోనే రేంజి ఉండేది. మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో ఇదే పోటీలో కాంస్యం తెచ్చాడు. ఈ రెండు మాటలూ చెప్పి మా అమ్మ చేత ఇంట్లో రేంజికి సరే అనిపించాను.

మొదట అందరూ డాబా మీద పెట్టుకోమన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. అల్లిపురంలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పిట్టగోడ నడుము ఎత్తే. దాటితే పక్కవాళ్ల బట్టల తీగలు, పిల్లలు ఆడుకునే మెట్లు. పోటీ ఎయిర్ రైఫిల్ నుంచి పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. అది కంటిని పోగొట్టడానికి చాలు. తగలాల్సిన చోట తగలకపోతే పెల్లెట్ ఎక్కడ ఆగుతుందో ముందే తెలియని చోట రైఫిల్ పెట్టెలోంచి బయటికి రాకూడదు. ఈ ఒక్క నియమంతోనే స్థలం నిర్ణయమైపోయింది.

జూలై – టార్గెట్ వెనుక ఏముండాలి

పెరటి తలుపుకు లోపలి వైపు అడ్డుగా పాత వంటగట్టు నుంచి తీసిన కడప రాయి బండను నిలువుగా నిలబెట్టి, కదలకుండా చట్రంలో బిగించాం. రాయి మీద నేరుగా తగిలితే సీసం ముక్కలు వెనక్కి ఎగురుతాయి కాబట్టి దాని ముందు మందపాటి ప్లైవుడ్, దాని మీద పాత తివాచీ కొట్టాం. ఇదంతా గురి పూర్తిగా తప్పిన పెల్లెట్ల కోసం.

అసలు పెల్లెట్లు పట్టేది దాని ముందున్న పెట్టె. ఉక్కు కర్మాగారంలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మిత్రుడు చేసిపెట్టాడు. లోపల మూడు మిల్లీమీటర్ల ఇనుప పలక, పై అంచు మన వైపుకు వాలి, నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. పెల్లెట్ దానికి తగిలి చితికి కిందికే జారుతుంది. కింద తట్టలో పాత గుడ్డలు పరిచాం. ఆ గుడ్డలు దులపకూడదు. సీసపు దుమ్ము గాలిలోకి లేస్తుంది. తడి గుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తిండి, నీళ్లు. కాల్పుల లైను వంటగది మీదుగా వెళుతుంది కాబట్టి కాల్పుల సమయంలో గట్టు మీద ఒక్క గిన్నె కూడా ఉండదు. ముగిశాక నేలకు తడిగుడ్డ పెట్టాల్సిందే.

ప్రక్క గదుల తలుపులకు ఇటువైపు గడియలు బిగించాం. గడియలన్నీ పడ్డాకే రైఫిల్ పెట్టె తెరుచుకుంటుంది. ఎవరైనా తలుపు తట్టితే గొట్టం ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, రైఫిల్ కింద పెట్టి, అప్పుడు జవాబు చెబుతాం.

టార్గెట్ మీద వెలుతురుకు నియమాల్లో కనీసం 1500 లక్స్ అడుగుతారు. రెండు ఎల్‌ఈడీ దీపాలు చెరో పక్క పెట్టాక ఫోనులోని కొలమానం ఆ దరిదాపుల్లో చూపించింది. దీపాలు షూటర్ కంట్లో పడకుండా ముందు రేకు అడ్డుపెట్టాం. పూర్ణా మార్కెట్‌లో అట్ట, రేకు, మేకులు అన్నీ ఒకే వీధిలో దొరికాయి.

జూలై – కాల్చకుండానే

రేంజి సిద్ధమైనా పెల్లెట్ డబ్బా మూత తీయలేదు. ముందు రైఫిల్‌ను పట్టుకోవడం, ఇంకొకరికి అందించడం, కింద పెట్టడం.

సేఫ్టీ ఫ్లాగ్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇంట్లో సాధన చేసేవాళ్లు దీన్నే వదిలేస్తారు. బ్యారెల్ (గొట్టం) పొడవునా దూర్చి, రెండు కొసలూ బయటికి కనిపించేలా పెట్టే నారింజ రంగు తాడు అది. తాడు లోపల ఉన్నంతసేపూ గొట్టం ఖాళీ అని గదిలో ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. పోటీల్లో ఇది తప్పనిసరి. గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగ ముక్క కోసుకున్నా సరిపోతుంది. రైఫిల్ పెట్టెలోంచి వచ్చేటప్పుడు తాడు ఉండాలి. గీత దగ్గర నిలబడి, బ్యారెల్ టార్గెట్ వైపు తిరిగాకే తీయాలి. ఆఖరి షాట్ అయ్యాక ఛాంబర్ (పెల్లెట్ పెట్టే చోటు) తెరిచి, కంటితో చూసి, తాడు దూర్చి, అప్పుడు బల్ల మీద పెట్టాలి. రైఫిల్ ఇంకొకరికి ఇస్తున్నప్పుడు తెరిచి చూపించి ఇవ్వాలి, తీసుకునేవాళ్లు మళ్లీ చూడాలి. "ఇప్పుడే చూశారు కదా బాబాయ్" అంటే, "నేను చూసింది నాకమ్మా, నువ్వు చూసేది నీకు" అని ప్రతిసారీ చూపించాను. వేలు ట్రిగ్గర్ గార్డు బయట, చెక్క పక్కన తిన్నగా ఉండాలి. గురి చూసే సైట్‌లో టార్గెట్ నల్ల వృత్తం కుదురుకున్నాకే లోపలికి వెళ్లాలి.

ఇంకో సంగతి. ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్ సాధనకు ప్రాణం లాంటిది. కానీ స్ప్రింగు ఎయిర్ గన్‌ను పెల్లెట్ లేకుండా కాల్చకూడదు. ముందు గాలి మెత్త లేక పిస్టన్ నేరుగా సిలిండర్ కొసకు కొట్టుకుని పాడవుతుంది. మా దగ్గర ఉన్నది సిలిండర్‌లో గాలి నింపుకునే పోటీ రైఫిల్. దానిలో డ్రై ఫైరింగ్‌కు విడిగా ఏర్పాటు ఉంది. సిలిండర్ మీద తయారీ తేదీ కూడా చూసుకున్నాను, పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో అనుమతించరు.

ఆగస్టు – పాదాల నుంచి పైకి

ఈ నెలంతా భంగిమే. పడుకుని కాల్చినప్పుడు రెండు మోచేతులూ నేల మీద, రైఫిల్‌ను చేతికి కట్టే పట్టీ (స్లింగ్) బిగించి ఉంటుంది, రైఫిల్ కదలడానికి చోటు తక్కువ. నిలబడితే స్లింగ్ వాడనివ్వరు. నాలుగైదు కిలోల రైఫిల్ (5.5 కిలోల వరకు ఒప్పుకుంటారు) రెండు పాదాల మీద, నేలకు మీటరున్నర ఎత్తున నిలబడాలి. చేతుల బలంతో దాన్ని మోస్తే మొదటి పది షాట్లు బాగుంటాయి. పోటీలో 60 షాట్లకు గంటా పదిహేను నిమిషాలు, అంతకుముందు సన్నాహానికి, గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లకు మరో పదిహేను నిమిషాలు. అంతసేపు కండరం నిలబడదు. ఎముక నిలబడుతుంది. రాటల మీద పందిరి బరువు దిగినట్లు రైఫిల్ బరువు ఎముకల మీదుగా నేలకు దిగాలి.

కుడిచేతి షూటర్‌కు మాస్టారు చెప్పిన క్రమం ఇది, నేను సుద్ద ముక్కతో నేల మీద గీసి చూపించాను. ఎడమ పక్క టార్గెట్ వైపు ఉండేలా పూర్తిగా పక్కకు తిరగాలి. రెండు పాదాలూ దాదాపు భుజాల వెడల్పున, పాదాలను కలిపే గీత టార్గెట్ వైపు వెళ్లాలి. మోకాళ్లు తిన్నగా ఉండాలి, కానీ వెనక్కి బిగబట్టకూడదు. ఎడమ తుంటిని టార్గెట్ వైపు కొద్దిగా నెట్టాలి. ఇప్పుడు నడుము పై భాగం రైఫిల్‌కు ఎదురు బరువుగా కొంచెం వెనక్కి వాలుతుంది. ఎడమ మోచేయి వచ్చి తుంటి ఎముక అంచు మీద, లేదా దానికి పైన పక్కటెముకల మీద కూర్చుంటుంది. చేయి పొడవును, ఒంటి తీరును బట్టి ఇది ఒక్కొక్కరికి ఒక్కో చోట కుదురుతుంది. అన్నయ్య కూతురికి తుంటి మీదే చక్కగా కుదిరింది. నా చేతులు పొట్టి, నాకు పక్కటెముకల మీద.

మోచేయి కూర్చున్నాక ఇంకా మిగిలిన ఎత్తును అరచేయి పూరించాలి. కొందరు పిడికిలి బిగిస్తారు, కొందరు అరచేయి చదునుగా పెడతారు, కొందరు బొటనవేలిని, మిగతా వేళ్లను చీల్చి మధ్యలో రైఫిల్‌ను కూర్చోబెడతారు. మూడూ చూసి అమ్మాయి పిడికిలి ఖాయం చేసుకుంది. పిడికిలి పెట్టినప్పుడు ముంజేయి నిలువుగా ఉందా లేదా అని ఫోటో తీసి చూశాం. దారానికి నట్టు కట్టి పైకప్పు నుంచి వేలాడదీసి, ఆ దారం ఫోటోలో మోచేతి పక్కనే పడేలా చూసుకున్నాం. వాలు ఉంటే ఆ వాలును కండరం భరిస్తున్నట్లే.

తల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రైఫిల్ వెనుక కొసను (బట్) భుజంలో పెట్టాక తలను రైఫిల్ మీదికి వంచకూడదు, రైఫిలే చెంప దగ్గరికి రావాలి. ఒంటి తూకాన్ని చెప్పేది లోచెవి. తల పక్కకు వాలిపోతే ఆ కబురు తప్పుతుంది, ఒళ్లు ఊగడం ఎక్కువవుతుంది. అందుకే చెంప ఆనే చీక్‌పీస్‌ను తల తిన్నగా ఉన్నప్పుడు చెంప తాకే ఎత్తుకు లేపాం.

నడుము విషయంలో ఒక హెచ్చరిక రాసి గోడకు అతికించాను. వెనక్కి వాలడం, మెలిక తిరగడం రెండూ కలిసి వెన్ను కింది భాగం మీద పడతాయి. నొప్పి మొదలైన రోజు రైఫిల్ పెట్టెలోకి వెళ్లిపోతుంది. నడుముకు, పొట్టకు బలం పెంచే వ్యాయామం సాధనలో భాగం, ఐచ్ఛికం కాదు.

ఆగస్టు చివర – ఒక్క డిగ్రీ

ఈ రేంజిలో నాకు అన్నింటికంటే నచ్చిన పని ఇదే. భంగిమలో కుదురుకుని, సైట్ వృత్తంలోకి టార్గెట్ నల్ల చుక్క వచ్చాక, కళ్లు మూసుకుని రెండు మూడు ఊపిరులు తీసి వదలాలి. ఒళ్లు వదులు చేయాలి. కళ్లు తెరిస్తే రైఫిల్ తనంతట తాను ఎటు చూస్తున్నదో కనిపిస్తుంది. చుక్క మధ్యలోనే ఉంటే భంగిమ టార్గెట్‌కు సరిగ్గా తిరిగి ఉన్నట్లు. చుక్క పక్కకు పోయి ఉంటే ఇంతసేపూ కండరమే దాన్ని పట్టి ఉంచింది.

మొదటిసారి చేసినప్పుడు చుక్క కాదు, కార్డే కనిపించలేదు. రైఫిల్ టార్గెట్‌కు కుడివైపు గోడను చూస్తోంది. "చేతులతో కొంచెం ఎడమకు నెట్టితే సరిపోతుంది కదా బాబాయ్?" అంది. "నెట్టకమ్మా, పాదం జరుపు" అన్నాను. ఎంత జరపాలో లెక్క వేసి చూపించాను. ఒళ్లు ఒక్క డిగ్రీ తిరిగితే పది మీటర్ల దూరాన గురి 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. టార్గెట్ కార్డు వెడల్పే 8 సెంటీమీటర్లు. పాదాల మధ్య ముప్పై సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే కుడి పాదాన్ని ఐదు మిల్లీమీటర్లు జరిపితే చాలు, దాదాపు ఒక డిగ్రీ తిరిగినట్లే. నడుము మెలిక అందులో కొంత మింగేస్తుంది కాబట్టి లెక్క ప్రకారం అంతా రాదు. అయినా బొటనవేలి గోరంత కదలికకు గురి కార్డు దాటి పోతుందని కళ్లారా చూశాక చేతులతో నెట్టే ఆలోచన ఆమె మానేసింది.

పద్ధతి ఇలా స్థిరపడింది. ఎడమ పాదం కదలదు. గురి కుడికి పోతే ఒళ్లంతా ఎడమకు తిరిగేలా కుడి పాదాన్ని కొంచెం సర్దుతుంది, మళ్లీ కళ్లు మూసి చూసుకుంటుంది. ఎత్తు తేడా వస్తే పాదాలతో పని లేదు. భుజానికి ఆనే బట్ ప్లేటును కిందికి దింపితే రైఫిల్ వెనుక భాగం లేచి కొస కిందికి వంగుతుంది, పైకి ఎత్తితే కొస లేస్తుంది. కుదిరిన రోజు పాదాల చుట్టూ సుద్దతో గీసి, మర్నాడు ఆ గీతల్లోనే నిలబడి మొదలుపెట్టాం. మర్నాడు అదే గీతల్లో కొంచెం తేడా వచ్చింది. గీత ప్రారంభం మాత్రమే, రోజూ కళ్లు మూసి చూసుకోవాల్సిందే.

మొదట కొలతలు నా నోటుపుస్తకంలో రాశాను. తర్వాత ఆమెకే పుస్తకం ఇచ్చేశాను, తన ఒంటి కొలతలు తనే రాసుకోవాలి.

సెప్టెంబరు – ఎంవీపీ కాలనీ ఫ్లాటులో

అల్లిపురం రోజూ రావడం కుదరదు. అన్నయ్య వాళ్ల ఫ్లాటులో హాలు ఆరు మీటర్లే. అక్కడ 5 మీటర్ల దూరాన డ్రై ఫైరింగ్ మాత్రమే పెట్టాం. పెల్లెట్ డబ్బా ఆ ఫ్లాటుకు వెళ్లదు. వెళ్లకపోతే పొరపాటుకు తావే లేదు.

సగం దూరానికి సగం టార్గెట్. అసలు కార్డులో నల్ల వృత్తం 30.5 మిల్లీమీటర్లు, ఇక్కడ 15.25. కానీ ఎత్తు మార్చకుండా అతికిస్తే భంగిమ చెడిపోతుంది. భంగిమలో ఉన్నప్పుడు ఆమె చూపు నేల నుంచి 1.52 మీటర్ల ఎత్తున ఉంది. పది మీటర్ల దగ్గర 1.40కి, అంటే 12 సెంటీమీటర్లు కిందికి చూస్తుంది. సగం దూరంలో సగం దిగాలి, 6 సెంటీమీటర్లు. కాబట్టి 1.46 దగ్గర అతికించాం. ఇంట్లో తక్కువ దూరాన సాధన చేసే ప్రతి ఒక్కరూ ఈ చిన్న కూడికను చేసుకోవాలి. లేకపోతే ఇంట్లో ఒక నడుము, రేంజిలో ఇంకో నడుము అలవాటవుతాయి.

ఊపిరి, ట్రిగ్గర్ ఈ నెల మొదలుపెట్టాం. ఊపిరి వదిలాక సహజంగా వచ్చే విరామంలో షాట్ పూర్తవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది సెకన్లు మంచి వ్యవధి. పది దాటితే చూపు మసకబారుతుంది, కాళ్లలో వణుకు మొదలవుతుంది. అప్పుడు రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టాలి. దించడం ఓటమిగా అనిపిస్తుంది ఈ పిల్లలకు. ఆమె దించిన ప్రతిసారీ నేను బాగుందనే చెప్పాను. ట్రిగ్గర్ పడ్డాక కూడా రెండు క్షణాలు అలాగే చూస్తూ నిలబడాలి, పెల్లెట్ గొట్టంలో ఉండే క్షణంలో కూడా కదలిక ఫలితాన్ని మారుస్తుంది. టార్గెట్ నడిమధ్య ఉండే 10 వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క. ఒక్కో వలయానికి మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు.

సెప్టెంబరు – వేట సంగతి

కాలనీ కుర్రాళ్లకు రేంజి సంగతి తెలిసి ఇద్దరు ముగ్గురు వచ్చారు. కొండకర్ల ఆవలో పక్షులను, కంబాలకొండ చుట్టుపక్కల కుందేళ్లను కొట్టవచ్చా అని అడిగారు. సూటిగా చెప్పాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాటకు దీనికి సంబంధం లేదు. గొట్టం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిళ్లకు 2016 ఆయుధ నియమాల్లో ఆ మినహాయింపు ఉంది. అది వేటకు అనుమతి కాదు. పక్షి మీద గురిపెట్టే చేతికి నా రేంజిలో రైఫిల్ ఇవ్వను.

వేట చట్టబద్ధమైన దేశాల వేటగాళ్ల భంగిమ కూడా ఇది కాదని వాళ్లకు చెప్పాను. అక్కడ నిలబడి, ఆసరా లేకుండా కాల్చడం ఆఖరి మార్గం. చెట్టుకో, కర్రకో రైఫిల్ ఆనించి, లేదా కూర్చుని, మోకాలు నేలకు ఆనించి కాలుస్తారు. జంతువుకు గాయం మాత్రమై బాధపడకుండా ఉండాలంటే స్థిరంగా కాల్చడమే దారి. ఒక కుర్రాడు మర్నాడు వచ్చి డ్రై ఫైరింగ్ చూసి వెళ్లాడు. వస్తూ ఉంటే మాస్టారి దగ్గరికి పంపిస్తాను.

అక్టోబరు – ఉప్పు గాలి

విశాఖలో రైఫిల్‌కు పెద్ద శత్రువు సముద్రం. వారం నూనె పెట్టకపోతే బ్యారెల్ మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. సాధన అయ్యాక చేతి చెమట తుడిచి, బయటి ఇనుప భాగాలకు పల్చగా నూనె పట్టించి, పెట్టెలో తేమ పీల్చే సంచులు పెడుతున్నాం. బిగుతుగా ఉండే కాన్వాస్ జాకెట్ చెమటకు మెత్తబడి, ఆసరా పోతుంది. ఎండలో కాక ఫ్యాను కింద, తోలు ముక్కలు పగలకుండా ఆరబెట్టాలి. జాకెట్, ప్యాంటు బట్ట ఒక్క పొర మందం 2.5 మిల్లీమీటర్లకు మించరాదు కాబట్టి లోపల పత్తి అదనంగా కుట్టుకోవడం వంటి సలహాలు వినకూడదు.

నవంబరు – పెల్లెట్లతో

అల్లిపురంలో పెల్లెట్లతో కాలుస్తోంది. మొదట్లో కొన్ని నల్ల వృత్తం బయటికి వెళ్లేవి. ఇప్పుడు ఎక్కువ 8 వలయం లోపల పడుతున్నాయి, 10 కూడా కనిపిస్తోంది. అయితే ఎక్కువ గుంపు మధ్యకు కుడివైపు కాస్త పైన పడుతోంది. సైట్ తిప్పుదామంది. ముందు కళ్లు మూసి చూడమన్నాను. కళ్లు తెరిచేసరికి రైఫిల్ కుడికే వెళ్లి ఉంది. ఆరో ఏడో షాట్‌కు తనకు తెలియకుండా కుడి పాదం కొద్దిగా జరుగుతోంది, సుద్ద గీత దాటింది. అంటే కుడి సగం సంగతి పాదానిది. పైకి పోయిన సగం సంగతి వేరు. అది బట్ ప్లేటుదా, పిడికిలి ఎత్తుదా అని ఇంకా తేల్చలేదు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తున్నాం. ఈ వారం పాదం ఒక్కటే చూస్తాం. ప్రతి అయిదు షాట్లకు కళ్లు మూసి చూసుకుని, గీత దగ్గర పాదం ఎక్కడ ఉందో పుస్తకంలో రాయాలి. ఆ పేజీలతో శనివారం మాస్టారి దగ్గరికి వెళతాం. ఆయన చూశాక బట్ ప్లేటును రెండు మిల్లీమీటర్లు దింపి చూస్తాం.